బీరువా పక్కన బిగించిన పెట్టెలు

తమ్ముడూ,

ఆసుపత్రి బస్సు వీధి చివర హారన్ కొడుతోంది, నిలబడే రాస్తున్నాను. డ్యూటీ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా ముందు ఈ పని చెయ్. తుపాకీలోంచి తూటాలు తీసి, గొట్టం ఖాళీ అయిందో లేదో వెలుతురులో చూసుకో. బీరువా పక్కన గోడకు రెండు ఇనప్పెట్టెలు బిగించి ఉన్నాయి, తలుపులు తీసే ఉంచాను. తూటాలు చిన్నదాంట్లో, తుపాకీ పెద్దదాంట్లో పెట్టి తలుపులు నొక్కు. తాళం దానంతటదే పడుతుంది.

షాపువాడు తాళంచెవి ఉన్న పెట్టె చూపించాడు, వద్దన్నాను. నువ్వు తాళంచెవి పాత బూటులో దాస్తావని పాలవాడికి కూడా తెలుసు. అందుకే నంబర్ తాళం తెచ్చాను. ఆ నంబర్ నాకొక్కదానికే తెలుసు. నా పుట్టినరోజేమోనని తిప్పి చూడకు, అయినా నీకది ఎప్పుడు గుర్తుంది గనక!

"బ్యాంకు గార్డుని, నా తుపాకీకి నువ్వు తాళం వేస్తావా" అని ఎగిరిపడకు. మొన్న సాయంత్రం లైటు వెయ్యకుండా తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. అడిగితే "తుడుస్తున్నానక్కా" అన్నావు. నీ చేతిలో గుడ్డ లేదురా. అప్పటినుంచి వార్డులో ఫోన్ మోగితే చాలు, నీ గురించేనేమోనని పరిగెడుతున్నాను.

పొద్దున నేను వచ్చాకే డ్యూటీకి వెళ్లు, తుపాకీ నేనే తీసిస్తాను. అన్నం గిన్నెలో ఉంది, వేడి చేసుకుని తిను.

అక్క

ఫోన్ చేసినా నంబర్ మాత్రం చెప్పను. అయినా చెయ్యి. రోగి చెయ్యి పట్టుకుని ఉన్నా సరే, నీ ఫోన్ ఎత్తుతాను.