సెలవు ఫారం అడిగిన ప్రశ్న

బాబాయికి నమస్కారాలు. మీరు నిండు నూరేళ్లు బతకాలి. ఈ మాట ఇంత మనస్ఫూర్తిగా నేనెప్పుడూ కోరుకోలేదు. ఎందుకో చెబుతాను, కోప్పడకండి.

మా ఆఫీసులో సెలవు చీటీలు మానేసి కంప్యూటర్లో ఫారం పెడదామన్నారు. ఉచితంగా దొరికే, లోపలి కోడ్ ఎవరైనా చూడగలిగే ఓపెన్ సోర్స్ సాధనాల్లో మంచిది ఏరే పని నా నెత్తిన పడింది. ఒకటి పెళ్లికానివాణ్ణి కూడా పిల్లలెందరని అడిగింది. ఇంకోదాంట్లో ఫోన్ మీద తేదీ గడి తెరుచుకోనే లేదు. మూడోది మాత్రం బంగారం. మనమిచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న వేస్తుంది, పాత సెలవులతో పోల్చి చూస్తుంది కూడా. మేనేజరుగారు నా భుజం తట్టారు. పక్క సీటు అమ్మాయి ఐదేళ్ల చీటీలూ అందులోకి ఎక్కించింది.

నిన్న మీ ఇంట్లో చెల్లి పెళ్లికి సెలవు పెడుతూ, పెళ్లి చేసేవారి గడిలో మీ పేరు కొట్టాను. వెంటనే ఎర్రక్షరాలు వచ్చాయి: "ఈయన గతంలో రెండుసార్లు చనిపోయారు. వివరణ ఇవ్వండి."

నిజమే బాబాయ్. రెండు వేసవుల్లో, నాలుగేసి రోజుల సెలవు కోసం మిమ్మల్ని సాగనంపాను.

ఆ ప్రశ్నను గుట్టుగా తీసేద్దామంటే, దాని కోడ్‌లో ఏ లైను మార్చినా ఆఫీసులో అందరికీ కనబడుతుంది. "అదే దీని గొప్ప అని చెప్పింది మీరే కదండీ!" అని ఆ అమ్మాయి ఒకటే నవ్వు.

ఈ ఉత్తరం పిన్నికి చూపించకండి. మా మేనేజరుగారికి ఫోన్ చేసి, బతికే ఉన్నానని చెప్పండి. ఒకసారి చాలదు, రెండుసార్లు చెప్పండి.

ఇకమీదట మిమ్మల్ని చంపని,
మీ అన్నగారబ్బాయి