జీపు మొరాయిస్తే

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. మీరు మా అమ్మను కొండమీద పిన్ని ఇంట్లో దింపాలి కదా, ఆ జీపు బ్యాటరీ మీద నాకు నమ్మకం లేదు.

బ్యాటరీ చచ్చిపోతే బండిని స్టార్ట్ చేసే బూస్టర్ ఛార్జ్ చేసి వంటగది బల్ల మీద పెట్టాను, పట్టుకెళ్ళండి. అదీ మొండికేస్తే సీటు కింద కేబుళ్ళున్నాయి, వేరే బండి వచ్చేదాకా ఆగి దాని బ్యాటరీకి కలపండి. కానీ ఆ దారిలో నరపురుగు కూడా రాదు కాబట్టి, జీపును పల్లంవైపు ముఖం పెట్టే ఆపండి. తాళం తిప్పి, రెండో గేరులో క్లచ్ నొక్కి దొర్లించి, వేగం అందుకోగానే వదలండి.

అమ్మచేత మాత్రం తోయించకండి. పోయినసారి నేను తోస్తే, స్టార్టవగానే నన్ను రోడ్డుమీదే వదిలేసి రెండు కిలోమీటర్లు వెళ్ళిపోయారు. దారంతా నాతో కబుర్లు చెబుతూనే ఉన్నారట!

అన్నట్టు, వెనక్కొచ్చి "ఇంతసేపూ పలకవేం, అలిగావా?" అని నన్నే అడిగారు. అప్పుడు నవ్వొచ్చింది. ఇది రాస్తుంటే ఇప్పుడు అలిగాను.