షెరీఫ్ తలుపు తట్టిన చోట

కాన్సస్

వెల్డా గారికి,

మీ ఉత్తరం అందింది. మీ పసితనంలోనే పోయిన మీ అమ్మగారు మా ఊరి రేడియోలో కౌబాయ్ నాటకం మధ్య గోధుమపిండి ప్రకటన చదివేవారన్నది నిజమే. నా వెబ్‌సైటులో ఆ నాటకం భాగాలన్నీ ఉన్నాయి. ఆమె గొంతు మాత్రం లేదు.

స్టేషన్ వాళ్లు పారేస్తున్న రికార్డులను టేపు మీదికి ఎక్కించింది నేనే. టేపు పొదుపు కోసం పాత నాటకాలు సేకరించే మేమంతా ప్రకటనలు కోసేసేవాళ్లం. "ఆ పిండి గోల ఎవరు వింటారు, తీసి పారెయ్యి" అంది పక్కనే ఉన్న మా ఆవిడ. పారేశాను. రికార్డులు మర్నాడే చెత్తబండి ఎక్కాయి. మిగతా వెబ్‌సైట్ల వాళ్లను కూడా అడిగాను. వాళ్ల దగ్గరున్నవన్నీ నా టేపు నకళ్లే.

ఆ గొంతు ఎలా ఉండేదని అడిగారు. కోసే ముందు విన్నాను. గుర్తు లేదు.

ఏడో భాగం పంపుతున్నాను. పదకొండో నిమిషంలో షెరీఫ్ "తలుపు తియ్యి" అంటాడు, వెంటనే తలుపు కిర్రుమంటుంది. ఆ రెంటి మధ్య మీ అమ్మగారు నిమిషంపాటు మాట్లాడారు. అతుకు కోసం వెతకకండి, వినబడదు. అంత నున్నగా అతికానని అభిమానులు ఇన్నేళ్లూ మెచ్చుకుంటుంటే పొంగిపోతూ వచ్చాను.