పక్కన పెట్టిన చిన్న స్విచ్

చిన్నీ, గ్రాఫులు గీసే నీ క్యాలిక్యులేటర్ నీ బల్ల మీదే ఉంది. ముందు ఇది చదివి, తర్వాత ముట్టుకో.

లోపల ఆవగింజంత కెపాసిటర్ ఒకటి దాన్ని నెమ్మదిగా నడిపిస్తోంది. దానికి బదులు ఇంకా తక్కువ విలువ ఉన్నదాన్ని వేశాను, వేగం పెరిగింది. పన్నెండు సెకన్లు పట్టే గ్రాఫ్ ఇప్పుడు ఐదు సెకన్లలో గీసేస్తోంది. పాతదాన్నీ పారేయలేదు, పక్కన చిన్న స్విచ్ పెట్టాను. పైకి జరిపితే పరుగు, కిందికి జరిపితే పాత నడక. పరుగులో బ్యాటరీలు తొందరగా అయిపోతాయి, ఒక్కోసారి బిగుసుకుపోతుంది కూడా. రేపు పరీక్షలో మాత్రం కిందికే ఉంచు.

రిపేరు షాపులో నాలుగు టీవీలు నోరు తెరుచుకుని ఉన్నా నీ పనే ముందు చేశాను, గుర్తుపెట్టుకో.

"ఇది నత్త, అమ్మా" అని నువ్వు గొడవ చేశావు. లెక్కల దగ్గర నువ్వు కూర్చున్న ప్రతిసారీ నిన్ను ఆ మాటతో సాధించింది నేనే. మొన్న తలుపు దగ్గర నిలబడి చూశాను. తెర మీద గ్రాఫ్ వచ్చేలోపే నువ్వు గాల్లో వేలితో ఆ గీత గీశావు. తర్వాత అచ్చం అదే వచ్చింది. ఆ పన్నెండు సెకన్లు నీకు కావాలే.

అన్నం మూత పెట్టి ఉంచాను, తిను.

అమ్మ

ఇంకోటి, తిట్టుకోకు. మెమరీని నిలబెట్టే చిన్నదాంతో సహా బ్యాటరీలన్నీ ఒకేసారి ఊడదీశాను, నువ్వు రాసుకున్న ప్రోగ్రాములన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, చేయకూడని తప్పు. నీ నోట్సు చూసి అన్నీ మళ్లీ ఎక్కించాను. ఒక్కో మీటా నొక్కి, సరిచూసుకుని, మళ్లీ నొక్కి. నీలాగే, నెమ్మదిగా.