ఆయన వీపు తిప్పి కూర్చున్నారు

అక్కకి నమస్కారాలు.

కోర్టులో టైపు పనితో నీకు ఊపిరాడదని తెలిసీ విసిగిస్తున్నాను. మా వారు రెండు నెలల కిందట ఆఫీసు గోదాములో దొరికిందని ఒక పిల్లిని తెచ్చారు. దాని ముఖంలో ఎంత పెద్దరికమంటే, 'అది' అనడానికి నోరు రాక 'ఆయన' అంటున్నాను. పిల్లుల భాష మీద పుస్తకం కూడా కొన్నాను. తోక నిటారుగా నిలబెడితే సంతోషమట. ఈయన తోక నిటారుగానే ఉంటుంది గానీ కొస వంకర తిరుగుతుంది. సంతోషంలో ఏదో సందేహమన్నమాట, నాలాగే. ఇదిగో, ఈ కాగితం మీదే ఎక్కి కూర్చుంటున్నారు. ఇంకోటి తీస్తాను.

(రెండో కాగితం)

ఆయన మనసేమిటో అంతుబట్టడం లేదక్కా. నా వంక చూస్తూ నెమ్మదిగా కళ్ళు మూసి తెరుస్తారు. ప్రేమా, నిద్రా, విసుగా? తేల్చుకుందామని నేను రెప్పవేయకుండా చూస్తే వీపు తిప్పి కూర్చుంటారు. పాలు పోసి పిలిస్తే వాసన చూసి వెళ్ళిపోయారు. అసలు బాధ అది కాదు. నేను కాలేజీలో పాఠాలు చెబుతుండగా, మధ్యాహ్నాలు ఎదురింటి దర్జీ ఆవిడ దగ్గర గడుపుతున్నారు. మొన్న సగం పూట సెలవు పెట్టి వచ్చి మరీ చూశాను. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు! సాయంత్రం ఒంటినిండా దారప్పోగులతో తిరిగొస్తారు. నెలాఖరుకి వేరే ఊళ్ళో ఇంటికి మారుతున్నాం. ఆయన నాతో వస్తారా, ఆమె దగ్గరే ఉండిపోతారా? ఇష్టం లేనివాళ్ళని లాక్కుపోవడం నావల్ల కాదు.

నీ చెల్లెలు

తా.క. పొట్ట నిమరబోతే చెయ్యి కొరికారు. తప్పు నాదేనేమో.

*

ఒసే పిచ్చిదానా,

తలా తోకా లేని ఉత్తరం రాశావు. ఒక నమస్కారం లేదు, ఎలా ఉన్నావని అడిగింది లేదు, నేరుగా ఏడుపులోకి దిగావు! ఇరవయ్యేళ్ళుగా ఇలాంటి కేసులే టైపు కొడుతున్నాను. అంతటి ఘనుణ్ణి పాలు పోసి బతిమాలతావా? ఒక పూట తిండి మానిపించు. గుమ్మానికి గడియ పెట్టు. కొరికాక కూడా తప్పు నీదేనా? నువ్వు మెత్తగా ఉండబట్టే మరిదిగారికి అలుసయ్యావు.

మండిపడుతున్న అక్క

తా.క. కొరికిన చోట డాక్టరుకి చూపించి సర్టిఫికెట్ తీసుకో. ముందుముందు అవసరం పడుతుంది.

*

అక్కకి,

నువ్వు ఆయన్ని మరిదిగారనడం చూసి చాలాసేపు నవ్వుకున్నాను. చెప్పినట్టే గడియ వేసి, ఒక పూట తిండి మానిపించాను. ఆయన బీరువా ఎక్కి, చెవులు వెనక్కి వాల్చి, తోకతో టపటపా కొడుతూ కూర్చున్నారు. కోపమని పుస్తకం చూడకుండానే తెలిసింది. జాలేసి దించాను. ఇల్లు మారడానికి ఇంకా వారమే ఉంది. ఆయన గిన్నె పెట్టెలో పెడుతున్నాను, తీస్తున్నాను. మా వారు కూడా నాలుగు రోజులుగా వింతగా ఉన్నారు. ఆఫీసు నుంచి రాగానే నా ఎదురుగా బిగుసుకుని కూర్చుంటున్నారు. దానికి పుస్తకమేదీ దొరకలేదు.

ఎటూ తేల్చుకోలేని చెల్లెలు

తా.క. డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఇంజెక్షన్ ఇచ్చాడు.

ఇంకో తా.క. ఇప్పుడే ఆయన బల్ల మీద రోజూ పడుకునే దుప్పటి మీద నుంచి లేచారు. అది దులిపితే కింద నీకు రాసిన మొదటి కాగితం ఉంది, పంపనేలేదు! జత చేస్తున్నాను. ముందు అది చదువు.

*

చెల్లీ,

కొంప ముంచావు కదే! నేను అసలు మరిదిగారికే, ఆయన ఆఫీసు చిరునామాకి, ఎప్పుడో ఘాటుగా రాసేశాను. మొదటి పేరా వరకు మర్యాదగానే రాశాను. ఆ మహానుభావుడు జవాబిచ్చాడు, విను:

"వదినగారూ, రోజూ భోజనాల వేళ దర్జీ ఆవిడ ఇంటికి వెళ్తున్న మాట నిజమే. మీ చెల్లెలికి మా పిల్లి అంటే గిట్టదు. రెప్పవేయకుండా దాన్నే గుచ్చి గుచ్చి చూస్తుంది. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు గారూ, మీరూ అంటుంది. అందుకే ఇల్లు మారేలోగా ఆవిడకి అప్పగిద్దామని, చంకనెత్తుకెళ్ళి అలవాటు చేస్తున్నాను. ఏం లాభం? సాయంత్రమయ్యేసరికి ఆ దొంగముఖం గోడ దూకి మీ చెల్లెలి దగ్గరికే పోతోంది."

ఇంకే పుస్తకం కావాలే నీకు? గిన్నె పెట్టెలో పెట్టి మూత వెయ్యి.

సిగ్గుతో, నీ అక్క

తా.క. ఒకే ఇంట్లో ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చదువుకుంటూ కూర్చుంటే ఎలాగే? మీలో ఇద్దరికి మాటలొచ్చు.