శూన్యమాసంల నిలబెట్టిన కారు

సూర్యప్రకాశన్నకు, తాండూరు నుంచి తమ్ముని నమస్కారం.

నా కోడలు వాసవి ముట్టినందుకే కొత్త హైబ్రిడ్ కారు స్టార్ట్ కాలేదని, ఆమె చెయ్యి మంచిది కాదని, తాళం ఇయ్యొద్దని ఫోన్ల అన్నవు. శూన్యమాసమని ఇన్ని దినాలు దాన్ని కదలనియ్యంది నువ్వే.

మెకానిక్ చూసి, "పెద్ద బ్యాటరీ బాగనే ఉంది సేటూ, దాన్ని లేపే చిన్న బ్యాటరీ నిలబెట్టి నిలబెట్టి సచ్చింది" అన్నడు. బలం లేకనా హనుమంతుడు సముద్రం ఒడ్డున కూచున్నది? జాంబవంతుడు లేపాలె. పని చెయ్యనిదే ఒళ్ళు కూడా నిలవదని కృష్ణపరమాత్మ చెప్పిండు. ముహూర్తం చూసి కాదు, రెండు సేనల నడుమ చెప్పిండు.

చిన్న బ్యాటరీ కొత్తది వేయించిన. రేపు అమావాస్య. దౌల్తాబాద్‌ల నా ప్రవచనానికి కారు వాసవే నడుపుతది, నేను పక్కన కూచుంట. ఆపాలనుకుంటే వికారాబాద్ నుంచి పొద్దుగాల్నే రా అన్నా. వెనుక సీటు ఖాళీగనే ఉంది.

నీ తమ్ముడు