పట్టాభి అన్న నాకేమవుతాడు?

ఉప్పళం, పుదుచ్చేరి
6 జనవరి 2025

లియోన్ పట్నంలో ఉండే పెన్షనర్ల ఆరోగ్య నిధి ఆఫీసువారికి, ఉప్పళం వి. మంగళం దండం పెట్టి రాసుకునేది.

ఇక్కడ నేను బాగుండాను. మీరంతా చలికి వణకకుండా ఉండారని తలుస్తాను.

నేనెవరో ముందు చెప్తాను. మీ ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఉతికే చోట ఇరవైతొమ్మిదేండ్లు పనిచేసి పెన్షన్ తీసుకున్నదాన్ని. ఇంటాయన పొయ్యినాక పుట్టినూరికి వచ్చేసినాను. ఇక్కడ నా చేతి దుడ్డుతో మందులు కొని బిల్లులు పంపిస్తే మీరు వాపసు ఇస్తారు కదా, అందుకే ఈ ఉత్తరం. మొన్న మీ కాగితంలో "ఇకమీదట మీ సొంత భాషలో రాయవచ్చు" అని పది భాషల పేర్లు వేసినారు. నేను తెలుగు దగ్గర టిక్ పెట్టినాను. పుదుచ్చేరిలో కూర్చుని తెలుగేంది అని మా వీధిలో నవ్వినారు. మా ఇంట్లో తాతల తాతల కాలం నుంచి అదే మాట. రాయడం మా అవ్వ నేర్పింది. తప్పులుంటే అవి అవ్వవి.

మూడు నెలల మాత్రలు, బీపీకి, షుగరుకి, థైరాయిడుకి. డాక్టరు నరసింహన్ తమ్ముడు రాసిన మందుల చీటీ, పట్టాభి అన్న మందులంగడి బిల్లులు దీంతో పెట్టినాను. మొత్తం 1,146 రూపాయలు.

ఇట్లు,
మీ ఊరి దుప్పట్లు ఉతికిన
వి. మంగళం

తా.క.: ఫారంలో "మీరు జీవించి ఉన్నారా? అవును / కాదు" అని ఉండాది. అవును దగ్గర పెట్టినాను. కాదు దగ్గర ఇంతవరకు ఎంతమంది పెట్టినారో తీరికుంటే రాయండి.

లియోన్
27 జనవరి 2025

మంగళం గారికి, అనూహ్య నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చిందండి. మాది యానాం. చదువుకోవడానికి ఇక్కడికొచ్చి, ఆర్నెల్ల నుంచి ఈ ఆఫీసులో ఇండియా కాగితాలు ఫ్రెంచిలోకి మార్చే పని చేస్తున్నాను. తెలుగులో వచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఎంత సంతోషమేసిందో ఆఫీసు కాగితం మీద రాయకూడదు.

అసలు సంగతికొస్తే, మా అధికారి లెనార్ గారు మీ బిల్లు నమ్మలేదండి. మూడు రకాల మాత్రలు, మూడు నెలలకి కలిపి పన్నెండు యూరోల డెబ్భై సెంట్లా అన్నారు. ఇక్కడైతే యాభైకి తక్కువ కావట. ఎక్కడో ఒక అంకె జారిపోయిందని ఆయన అభిప్రాయం. కాబట్టి అసలు ధర రాయించి, దుకాణదారు సంతకంతో మళ్ళీ పంపగలరు.

ఇట్లు,
భవదీయురాలు
అనూహ్య

తా.క.: "కాదు" దగ్గర ఇప్పటికి ఇద్దరు టిక్ పెట్టారు. మరణ ధ్రువపత్రం పంపమని లెనార్ గారు ఆ ఇద్దరికే ఉత్తరాలు రాశారు.

ఉప్పళం
14 ఫిబ్రవరి 2025

అనూహ్య పాపకు, మంగళం అవ్వ దీవించి రాసేది.

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా అంగడికి పొయ్యినాను. "అన్నా, నువ్వు నా దగ్గర తక్కువ తీసుకున్నావంట. సరిగ్గా తీసుకోమని ఫ్రాన్సు నుంచి ఉత్తరువు" అని చెప్పినాను.

పట్టాభి అన్నకు డెబ్భైఆరు. కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూసినాడు. "ఏభైరెండేండ్లుగా అంగడి నడుపుతుండాను. ఎక్కువ తీసుకున్నావని కొట్లాటకు వచ్చినోళ్ళు ఉండారు. తక్కువ తీసుకున్నావని వచ్చింది నువ్వే మొదలు" అన్నాడు.

వెనకాల నిలబడిన తిలగం అక్క, "మా కరెంటు బిల్లు కూడా ఆ దొరకు పంపు. ఇంత తక్కువా అని ఒక్క మాట అంటే మనసుకు బాగుంటుంది" అనింది.

అన్నకు మాత్రం బాధే. మాత్రల అట్ట మీద అచ్చు వేసిన ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోడు, లేనోళ్ళు వస్తే తగ్గిస్తాడు. "కావాలంటే అట్టలే పంపు, ధర దాని మీదనే ఉండాది కదా" అన్నాడు. అదే మంచిదని మూడు నెలల ఖాళీ అట్టలు, ఒక్కటి పోకుండా, మూటగట్టి పంపుతుండాను. ఆయన సంతకం కూడా ఉండాది. ముద్ర మూడుసార్లు వేసినాడు, ఒకటి కోపంతో.

నీకు అన్నం దొరకతాదా యాడైనా? ఒంటరిగా ఉంటావని రొట్టె తిని పడుకోవద్దు.

ఇట్లు,
మంగళం అవ్వ

తా.క.: అట్టలు మురికిగా ఉంటే మర్యాద కాదని సబ్బు పెట్టి ఉతికి ఆరబెట్టినాను. పాత అలవాటు. కొన్నింటి మీద ధర కొంచెం వెలిసింది.

లియోన్
5 మార్చి 2025

మామ్మగారికి (మా వైపు ఇలాగే అంటాం, ఏమనుకోకండి), అనూహ్య నమస్కారాలు.

మూట చేరింది. లెనార్ గారు భూతద్దం పెట్టి వెలవని అట్టలన్నీ చూశారు. ధరలు నిజమేనని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఆయన ముఖం చూడాలి, ఎవరో ఇన్నేళ్ళుగా తనను మోసం చేశారన్నట్టు అయిపోయింది.

కానీ ఇంకో చిక్కొచ్చిందండి. తప్పు నాదే. మీ ఉత్తరాలు పొల్లు పోకుండా ఫ్రెంచిలోకి మార్చి ఇచ్చాను. లెనార్ గారు చదివి లేచి నిలబడ్డారు. "మందులు రాసింది తమ్ముడు. మందులమ్మింది అన్న. సాక్షి అక్క. ఇది కుటుంబం కాదు, ముఠా" అన్నారు.

మా భాషలో అందరినీ అలాగే పిలుస్తామండీ అని చెప్పాను.

"అయితే సొంత అన్నను ఏమంటారు?"

"అన్న అనే అంటాం."

"మరి ఎవరు సొంతమో, ఎవరు కాదో ఎలా తెలుస్తుంది?"

అది తెలిసిపోతుందండీ అన్నాను, ఆ మాట కూడా ఫైల్లో రాసుకున్నారు మామ్మగారూ.

పట్టాభి గారి అంగడి బిల్లులన్నీ ఆపేశారు. మీ ఒక్కరివే కాదు, ఆ అంగడిలో మందులు కొనే పద్నాలుగు మంది పెన్షనర్లవీ. పట్టాభి గారు మీకు ఏమీ కారని రాతపూర్వకంగా ధ్రువపత్రం వస్తేనే విచారణ ముగుస్తుందట. దయచేసి త్వరగా పంపండి.

ఇట్లు,
తల దించుకున్న
అనూహ్య

తా.క.: అన్నం దొరుకుతోంది. నేనే వండుకుంటున్నాను. దాన్ని అన్నం అనొచ్చా అన్నది వేరే సంగతి.

ఉప్పళం
24 మార్చి 2025

అనూహ్య పాపకు, మంగళం అవ్వ రాసేది.

నువ్వు తల దించుకోవద్దు. మాట ఉన్నట్టే మార్చినావు, దాంట్లో తప్పేముండాది.

తాలూకా ఆఫీసుకు పొయ్యినాను. అక్కడ మణికంఠన్ అని గుమాస్తా. బాగా చదువుకున్నోడు, ఓర్పు ఉన్నోడు. "అవ్వా, పుట్టినందుకు సర్టిఫికెట్టు ఉండాది. చచ్చినందుకు ఉండాది. పెండ్లికి, కులానికి, ఆదాయానికి ఉండాది. ఒక మనిషి ఇంకో మనిషికి ఏమీ కాడు అనేదానికి ఇంతవరకు ఎవురూ అడగలేదు" అన్నాడు. కొంచెం సేపు ఆలోచించి, స్టాంపు కాగితం మీద నువ్వే రాసి, ఆయన చేత కూడా సంతకం పెట్టించు అన్నాడు.

కాగితం కొన్నాను. అంగడిలో అన్న ముందర కూర్చుని రాయడం మొదలుపెట్టినాను. "పట్టాభి అనువారు నాకు" అనేదాకా రాసినాను. అక్కడ పెన్నుకు మూత పెట్టేసినాను.

అన్న చూస్తానే ఉండాడు. "రాయి మంగళం. మిగతా పదముగ్గురికి దుడ్డు రావాలి కదా. చిన్నదురైకి గుండె మాత్రలు నెలకు ఆరువేలు అవుతాయి. రాసేయ్, నేనేమీ అనుకోను" అన్నాడు. అనుకోను అన్నాడు కానీ, గల్లా పెట్టె తాళం కోసం మూడుసార్లు వెతికినాడు. తాళం చేతిలోనే ఉండాది.

పాపా, పోయిన తుఫానులో మా వీధిలో తొడలదాకా నీళ్ళు. రెండు దినాలు కరెంటు లేదు. నా షుగరు మాత్రలు అయిపొయినాయి. ఎవురికీ చెప్పలేదు. మూడో దినం పొద్దున తలుపు కొట్టినారు. చూస్తే పట్టాభి అన్న. పంచె పైకి కట్టి, తలమీద ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని నిలబడినాడు. ఏ ఇంట్లో ఏ మాత్ర ఏ దినం అయిపోతాదో ఆయనకు నోటికి వచ్చు. ఆ పొద్దు ముప్పైయొక్క ఇండ్లకు తిరిగినాడు, డెబ్భైఐదేండ్ల మనిషి. మా ఇంట్లో ఒక లోటా కాఫీ తాగి, "నీ తర్వాత కాళియమ్మ ఇల్లు, ఆమెకు ఫిట్స్ మాత్ర" అని దిగిపొయినాడు.

అట్లాంటి మనిషి నాకు ఏమీ కాడు అని స్టాంపు కాగితం మీద రాయడం నావల్ల కాదు. అబద్ధానికి స్టాంపు వేస్తే అది నిజమవుతాదా?

కాబట్టి నా పన్నెండు యూరోల డెబ్భై నాకొద్దు. నా అర్జీ వెనక్కి తీసుకుంటుండాను. ఆయన నాకు అన్న అనే రాసుకోమను మీ దొరను. కానీ మిగతా పదముగ్గురు ఆయన్ను అన్న అని రాయలేదు, రాసింది నేను. శిక్ష నాకు వెయ్యమను, వాళ్ళ మందులు ఆపవద్దను. చిన్నదురై రెండు దినాలుగా మాత్ర సగానికి విరిచి వేసుకుంటుండాడని ఈ పొద్దే తెలిసింది. అన్న తిట్టి, అప్పుగా నెల మందు ఇచ్చినాడు.

ఇట్లు,
వి. మంగళం

తా.క.: ఈ కథంతా విని నరసింహన్ తమ్ముడు నా బీపీ చూసినాడు. పెరిగిందంట. మాత్ర ఒకటి ఎక్కువ రాసినాడు. దాని బిల్లు కూడా మీకు పంపను, భయపడవద్దు.

లియోన్
11 ఏప్రిల్ 2025

మామ్మగారికి పాదాభివందనాలు.

మీ ఉత్తరం ఈసారి రాసి ఇవ్వలేదు. లెనార్ గారి గదిలోకి వెళ్ళి, నిలబడి, నోటితో ఫ్రెంచిలో చెప్పాను. తుఫాను దగ్గరికి వచ్చేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "ముప్పైయొక్క ఇళ్ళా?" అని అడిగారు. అవునన్నాను. "జాబితా లేకుండానా?" అన్నారు. అవునన్నాను.

అదే రోజు పదముగ్గురి డబ్బూ విడుదల చేశారు. చిన్నదురై గారిది అన్నింటికంటే ముందు పంపాను, ఈపాటికి చేరి ఉండాలి.

మీ ఒక్కరి కాగితం మాత్రం ఆపుకున్నారు. అర్జీ వెనక్కి తీసుకోవాలంటే దానికీ ఫారం ఉందట, ఆ ఫారం అచ్చు వేయడం తొమ్మిదేళ్ళ క్రితమే ఆపేశారట. అందుకని మే మొదటి వారంలో తనే స్వయంగా విచారణకు మీ ఊరు వస్తున్నారు. పాతికేళ్ళలో ఆయన ఏ విచారణకూ కదిలింది లేదు. నాకు భయంగా ఉంది. పట్టాభి గారితో ముందే చెప్పండి.

మిమ్మల్ని చూడకుండానే ఇంత గౌరవం పెంచుకున్నాను. ఇది మాత్రం ఆఫీసు కాగితం మీదే రాస్తున్నాను.

ఇట్లు,
మీ మనవరాలి వరసైన
అనూహ్య

తా.క.: ఆయన కారం తినలేరు. ఇది ఆఫీసు సమాచారం కాదు.

ఉప్పళం
8 జులై 2025

చిరంజీవి అనూహ్యకు, అవ్వ వేయి దీవెనలతో రాసేది.

ఇన్ని దినాలు రాయలేదని కోపం వద్దు. లెనార్ దొర మే నెలలో విచారణకు వచ్చిపొయ్యింది నీకు తెలుసు. ఏం జరిగిందో ఆయన ఆఫీసులో చెప్పి ఉండడు. నేను చెప్తాను.

మనిషి వచ్చినాడు కానీ పెట్టె రాలేదు, విమానంవాళ్ళు వేరే ఊరికి పంపించినారు. బీపీ మాత్రలు ఆ పెట్టెలో. అది ఎవురికీ చెప్పకుండా, మా కత్తిరి ఎండలో టై కట్టుకుని, రెండు దినాలు వీధి వీధి తిరిగి అన్న గురించి విచారించినాడు. మూడో దినం అంగడి ముందరే కండ్లు తిరిగి కూలబడినాడు.

అన్న గల్లా బల్ల దాటి ఎగిరి దూకినాడు. ఆ వయసులో ఎట్ల దూకినాడో! టై విప్పి, ఫ్యాను కింద పడుకోబెట్టి, నరసింహన్ తమ్ముణ్ణి పిలిపించినాడు. తమ్ముడు చీటీ రాసినాక అన్న నెల మాత్రలు ఇచ్చినాడు. ముప్పైఎనిమిది రూపాయలు. దొర యాభై యూరోల నోటు చాపినాడు. "దీనికి చిల్లర నా దగ్గర యాడుండాది? పోయేటప్పుడు ఇవ్వు" అన్నాడు అన్న.

నేను ఫ్రెంచిలో చెప్పినాను. దొర, "నేనెవరో ఈయనకు తెలుసా?" అని అడిగినాడు. "ఆయన బిల్లులు ఆపింది నువ్వేనని ఈ వీధిలో కుక్కకు కూడా తెలుసు" అన్నాను. మిగిలిన నాలుగు దినాలు విచారణ చెయ్యలేదు. అంగడిలో స్టూలు వేసుకుని కూర్చుని, అన్న ఎవురికి ఏం ఇస్తాడో, ఎవురితో ఏం మాట్లాడతాడో చూస్తా ఉండినాడు. తేంగాయితిట్టు నుంచి వచ్చే చేపలామెకు అన్న మాత్రలకు రంగు దారాలు కట్టి ఇస్తాడు, పొద్దుటిది ఎరుపు, సాయంత్రానిది పసుపు, ఆమెకు చదువు రాదు కదా. అది చూసి తన పుస్తకంలో రాసుకున్నాడు.

నా దుడ్డు కూడా మంజూరు చేసి పంపించినాడు. బ్యాంకోళ్ళు పంపినందుకు పదకొండు యూరోలు పట్టుకున్నారు. మిగిలినదాంతో అంగడిలో అందరికీ టీ ఇప్పించినాను.

ఇంక నీకు తెలియంది చెప్తాను. మే ఆఖరులో మీరంతా కేకు కోసి ఆయన్ను రిటైరు చేసి పంపించినారు కదా. యాడికి పోతుండావని అడిగితే సముద్రం పక్కకు అని మాత్రం చెప్పినాడంట కదా. పాపా, ఆ సముద్రం మాదే. చిన్నదురై ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని మూడు వారాలుగా ఇక్కడనే ఉండాడు. ఆయన పెన్షనుతో అక్కడ ఇంటి అద్దె, మందులు రెండూ కుదరవంట. ఆ లెక్క పోయిన సంవత్సరమే తెలుసంట, చెప్పుకోడానికి ఎవురూ లేకపొయినారంట. ఇప్పుడు పొద్దున కాఫీకి మా ఇంటికి వస్తాడు. ఎవురి అర్జీ ఎట్ల నింపాలో పదముగ్గురికీ ఆయనే నేర్పిస్తుండాడు. అన్నను గురించి ఒకే మాట చెప్పినాడు: "ఇరవైఐదేండ్లు మోసం వెతికినాను. మంచి వెతకమని ఎవురూ చెప్పలేదు."

ఇండియా కాగితాల వరకు ఆయన కుర్చీ నీకే ఇచ్చినారని దొర చెప్తే విని, వీధంతా మిఠాయి పంచినాను. కాబట్టి దీంతో పెట్టిన కవరు నీకే. లెనార్ దొర మొదటి అర్జీ అది, ఒక నెల బీపీ మాత్రలు, ముప్పైఎనిమిది రూపాయలు.

పైకి పోతే కిందికి చూడాలి. పట్టు వదలకుండా పని చెయ్యి. అన్నంలో నీళ్ళు ఇంకొంచెం పొయ్యి.

ఇట్లు,
నీ అవ్వ మంగళం

తా.క.: కంగారులో దొర రెండో పేజీలో సంతకం పెట్టడం మర్చిపొయినాడు. నేను చూసినాను, చెప్పలేదు. ఒక్కసారి తిప్పి పంపు పాపా. ఒక్కసారి చాలు.